వెనుక దీపము

పసిపిల్లవాడు నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలను దారముతో వరుసగా కట్టి, నేలపై లాగుచు ‘కూ’ అని కేక వేయును. వాని కంటికి అది రైలుబండి. ఇటుకముక్క స్టేషను, చీపురుపుల్ల సిగ్నలు. ఆ ఆటను చూచి పెద్దలు నవ్వుకొందురు. అదే ఆటను పెద్దలు పట్టుదలతో ఆడినచో ఎట్లుండునో చూడవలెనన్నచో జర్మనీ దేశములోని హాంబర్గు నగరమునకు పోవలెను. అచ్చట ‘మినియాటూర్ వుండర్‌లాండ్’ అను ప్రదర్శనశాల కలదు. ఆ పేరునకు ‘బుల్లి వింతలోకము’ అని అర్థము చెప్పుకొనవచ్చును. ప్రపంచములోని నమూనా రైలుమార్గములలో అదియే అన్నిటికంటె పెద్దదని ప్రసిద్ధి పొందినది.

2023వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒకనాడు గిద్దలూరు ప్రాంతపు వృద్ధుడొకడు తన కుమార్తెతోను మనుమరాలితోను కలసి ఆ వింతను చూడబోయెను. ఆయన కుమార్తె ఇంగ్లండులో ఉద్యోగము చేయుచుండెను. డెబ్బదియైదేండ్ల తండ్రి తనను చూడవచ్చినందుకు సంతసించి, ఆమె ఆయనను, పండ్రెండేండ్ల తన కూతురును వెంటబెట్టుకొని సౌతాంప్టన్ రేవులో ఒక విహారనౌక ఎక్కెను. ఆ నౌక ఉత్తర సముద్రమును దాటి, ఎల్బ నదీముఖమున ప్రవేశించి, సుమారు 100 కిలోమీటర్లు నదిలో ఎదురేగి హాంబర్గు రేవును చేరినది. అది ఉదయము ఎనిమిది గంటలకు వచ్చి సాయంకాలము ఐదు గంటలకు వెడలిపోవును. నాలుగున్నర గంటలకెల్ల ప్రయాణికులందరును తిరిగి నౌకలో నుండవలెను. ఆలస్యముగా వచ్చినవారికొరకు నౌక ఆగదు.

“బొమ్మ రైళ్ళు చూడడానికి నేనెందుకమ్మా? మీరిద్దరూ పోయి రండి. నిజమైన రైళ్ళను నలభై ఏండ్లు చూసినవాణ్ణి” అని తండ్రి అనెను.

“అందుకే రమ్మంటున్నాను నాయనా. నువ్వు చూసినది దీనికి చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారు?” అని కుమార్తె బదులు చెప్పెను. ఆ మాటకు ఆయన చెప్పులు తొడుగుకొని బయలుదేరెను.

ఆయన చూచిన నిజమైన రైళ్ళు నల్లమల రైళ్ళు. గుంటూరునుండి గుంతకల్లునకు పోవు మార్గము దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు స్టేషనులను దాటి, దిగువమెట్ట వద్ద కొండలలో ప్రవేశించును. అక్కడినుండి అడవిలో సాగి, చెలమ, గాజులపల్లెల మీదుగా నంద్యాలకు చేరును. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొను 1876–78 నాటి మహాక్షామములో లక్షలాది జనులు మరణించిరి. ధాన్యమున్న చోటినుండి లేని చోటికి దానిని త్వరగా చేరవేయుటకు దారులు చాలకుండెను. ఆ అనుభవము తరువాత కరవు సీమలకు రైలుమార్గములు వేయవలెనను నిశ్చయము కలిగినది. 1880వ దశకమున ఈ మార్గపు నిర్మాణము సాగినది. అది మీటరు గేజి మార్గము. అనగా రెండు పట్టాల నడుమ దూరము సరిగా ఒక మీటరు. కొండలోయపై దొరబావి వంతెన అను ఎత్తైన వంతెన ఉండెడిది. బొగద వద్ద కొండను తొలచి సొరంగము త్రవ్విరి. 1990వ దశకమున ఈ మార్గమును బ్రాడ్ గేజిగా మార్చినపుడు పట్టాలను క్రొత్త దారిన వేయుటచేత దొరబావి వంతెన సేవ ముగిసినది.

ఆ వృద్ధుడు 1968లో రైల్వేలో చేరి, కొండ ప్రాంతములోని చిన్న స్టేషనులలో పాయింట్స్‌మన్‌గా పనిచేసెను. బండి ఏ పట్టామీదికి పోవలెనో ఆ పట్టాకు పాయింటులను కలుపుట, సిగ్నలు దీపములను చూచుకొనుట, డ్రైవరుకు టోకెను అందించుట ఆయన పనులు. టోకెను అనగా నేమో తెలిసికొనుట అవసరము. రెండు స్టేషనుల నడుమ ఒకే మార్గమున్నపుడు ఎదురెదురుగా గాని, ఒకదాని వెనుక నొకటిగా గాని రెండు బండ్లు ఒకే వేళ అందులో ప్రవేశించినచో ప్రమాదము తప్పదు. అందుచే రెండు స్టేషనులలోను విద్యుత్తీగతో కలుపబడిన రెండు యంత్రములుండెడివి. వానిలో ఇనుప గోళములు నింపబడియుండును. ఒక గోళము బయటికి వచ్చినచో, అది తిరిగి ఏదో ఒక యంత్రములో పడువరకు రెండవ గోళము రాదు. ఆ గోళమే టోకెను. దానిని తోలుసంచిలో నుంచి, వెదురువలయమునకు కట్టి డ్రైవరుకు అందింతురు. టోకెను చేత లేనిదే డ్రైవరు బండిని ముందునకు నడుపరాదు.

హాంబర్గు రేవునుండి ప్రదర్శనశాలకు బస్సులో పోవుచుండగా మనుమరాలు తన సంచినుండి ఒక రాతిపలకను తీసెను. అది తాత ఊరినుండి ఆమెకై తెచ్చిన కానుక. మార్కాపురము పలకలకు పేరుపొందినది. అక్కడి గనులనుండి తీసిన నల్లరాతిని పలుచని రేకులుగా చీల్చి, నునుపు చేసి, చట్రము కట్టి, ఒకప్పుడు దేశమందలి ఎన్నో బడులకు పంపుచుండిరి.

“దీని మీద ఏమి రాయను తాతా?” అని ఆమె అడిగెను.

“ఈ రోజు స్టేషను మాస్టరువు నువ్వే. మనం లోపలికి ఎప్పుడు పోవాలి, ఎప్పుడు బయటికి రావాలి, ఓడ ఎప్పుడు ఎక్కాలి, ఆ మూడూ రాయి. అవి తప్పకుండా చూసుకొనే బాధ్యత నీదే” అని తాత చెప్పెను.

ఆమె “10-00 లోపలికి, 1-30 బయటికి, 4-00 ఓడ” అని వ్రాసెను. నాలుగున్నరకు గడువుండగా నాలుగని వ్రాయుట చూచి తాత తలయూచెను. దారిలో ఏమి అడ్డుపడునో ఎవరెరుగుదురు? అరగంట చేతిలో నుంచుకొనుట మంచిదే కదా!

ఆ ప్రదర్శనశాల గోదాముల పేటలో నున్నది. 1883లో దాని నిర్మాణము ప్రారంభమైనది. నల్లమలలో రైలుదారి వేయుచున్న ఆ పదియేండ్లలోనే ఇచ్చట నీటి కాలువల గట్టులవెంబడి నేలలోనికి దుంగలను దిగగొట్టి, వానిపై ఎఱ్ఱని ఇటుకలతో ఎత్తైన గోదాములను కట్టిరి. కాఫీ, తేయాకు, సుగంధద్రవ్యములు, తివాచీలు ఓడలనుండి దిగి వానిలో నిలువయుండెడివి. 2015లో యునెస్కో సంస్థ ఆ పేటను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అట్టి గోదాములలో నేడు బొమ్మ రైళ్ళు తిరుగుచున్నవి.

దీనిని స్థాపించినవారు ఫ్రెడరిక్ బ్రౌన్, గెరిట్ బ్రౌన్ అను కవల సోదరులు. 2000వ సంవత్సరమున ఫ్రెడరిక్ స్విట్జర్లాండులోని జూరిచ్ నగర వీథులలో తిరుగుచు నమూనా రైళ్ళ దుకాణమొకటి చూచెను. చిన్ననాటి కోరిక ఆయనకు జ్ఞప్తికి వచ్చెను. ఆ దినముననే సోదరునకు టెలిఫోను చేసి, ప్రపంచములో అన్నిటికంటె పెద్ద నమూనా రైలుమార్గమును కట్టుదమని చెప్పెను. అప్పటికి వారు నృత్యశాల నడుపుకొనుచుండిరి. బ్యాంకులో అప్పు తెచ్చి పనివారిని కూర్చుకొనిరి. 2001 ఆగస్టు 16వ తేదీన ప్రదర్శనశాల తలుపులు తెరచిరి. నాటినుండి భాగము వెంట భాగము పెరుగుచునే యున్నది. 2003లో అమెరికా, 2005లో స్కాండినేవియా, 2007లో స్విట్జర్లాండు, 2016లో ఇటలీ దృశ్యములు చేరినవి. 2021లో కాలువకు ఆవలి గోదాములో దక్షిణ అమెరికా దృశ్యమును కట్టి, రెండు భవనములను కాలువపై వంతెనతో కలిపిరి. ఆ వంతెనపై సందర్శకులు నడచుచుండగా బొమ్మ రైళ్ళును వారితోపాటు కాలువ దాటును.

ముగ్గురును లోపల అడుగిడునప్పటికి అక్కడ సాయంకాలమైనది! బయట ఉదయము పది గంటలు. లోపల దీపములు మెల్లగా మసకబారి, నీలికాంతి పరచుకొని, బొమ్మ ఇండ్ల కిటికీలలో వేలకొలది దీపములు వెలిగినవి. కొంతసేపటికి తూర్పు తెల్లవారినట్లయినది. ఆ లోకములో పగలు, రాత్రి కలసి పదునైదు నిమిషములు మాత్రమే.

“ఇక్కడ అన్నీ ఎన్నో వంతు ఉంటాయి తాతా?” అని మనుమరాలు అడిగెను.

గోడమీది పటములో 1:87 అని యుండెను. తాత పలకను తీసికొని లెక్క వేసి చూపెను. 174 సెంటీమీటర్ల పొడవు గల మనుష్యుడు అక్కడ సరిగా రెండు సెంటీమీటర్లుండును. ఐరోపా దేశములలో ఎక్కువగా వాడు రైలుమార్గమునందు పట్టాల నడుమ దూరము 1,435 మిల్లీమీటర్లు. నమూనాలో అది పదునారున్నర మిల్లీమీటర్లు. ఆయన తొలినాళ్ళలో పనిచేసిన మీటరు గేజిని ఇట్లు తగ్గించినచో పదకొండున్నర మిల్లీమీటర్లగును. నేడు గిద్దలూరు మీదుగా పోవు బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. అది రమారమి పందొమ్మిది మిల్లీమీటర్లగును. ఆ ప్రదర్శనశాలలోని పట్టాలన్నిటిని చేర్చి కొలిచినచో సుమారు 16 కిలోమీటర్లు. దానిని 87తో హెచ్చించినచో 1,392 కిలోమీటర్లు. గుంటూరునుండి గుంతకల్లు దూరమునకు అది మూడు రెట్లకు పైగా నున్నది.

స్విట్జర్లాండు దృశ్యములో మాటర్‌హార్న్ శిఖరము అంతస్తును దాటి దాదాపు ఆరు మీటర్ల ఎత్తున నిలిచియుండెను. మనుమరాలు ఈమారు తానే లెక్క వేసెను. నిజమైన శిఖరము 4,478 మీటర్లు. 87వ వంతు అనగా ఏబది మీటర్లకు మించవలెను!

“తాతా, కొండ తప్పు!” అని ఆమె ఆశ్చర్యపడెను.

“తప్పు కాదు తల్లీ. ఏబది మీటర్ల కొండ ఈ ఇంట్లో పడుతుందా? కొండను కుదించారు. రైలును, పట్టాను, మనిషిని మాత్రం కుదించలేదు. ఏది వదలవచ్చో, ఏది వదలకూడదో తెలిసి చేశారు” అని తాత చెప్పెను. బొమ్మలపై ఆయనకుండిన చిన్నచూపు అప్పటినుండి తగ్గజొచ్చెను.

ఒక్కొక్క దృశ్యము వెనుక ఒక్కొక్క ఉపాయమున్నది. వీథులలో కారులు, లారీలు తమంతట తామే పోవుచుండును. రోడ్డు క్రింద సన్నని ఇనుపతీగ పరచియుండును. కారు ముందు చక్రముల వద్దనున్న అయస్కాంతము ఆ తీగను అనుసరించి మలుపు తిరుగును. అవి బ్యాటరీలతో నడచును. శక్తి తగ్గినపుడు తామే మరుగైన చోటికి పోయి తిరిగి నింపుకొనును. క్నుఫింగెన్ అను కల్పిత నగరములో ఒక ఇంట అగ్గి పుట్టినట్లు దీపములెగయును. అగ్నిమాపక శకటములు నీలిదీపములతో పరుగిడును. 2011లో ప్రారంభించిన విమానాశ్రయములో విమానములు రన్‌వేపై పరుగెత్తి పైకి లేచి గోడచాటునకు పోవును. వానిని మోయునవి క్రిందనుండి లేచు సన్నని కడ్డీలు. స్కాండినేవియా దృశ్యములో 30,000 లీటర్ల నిజమైన నీటిలో ఓడలు తేలుచుండెను. “మన కంభం చెరువు ఇంత చిన్నదైతే ఎంత బాగుంటుంది! ఒక్క వానకే నిండిపోతుంది” అని తాత నవ్వెను. మీటలు నొక్కి కొన్ని దృశ్యములను సందర్శకులే కదలింపవచ్చును. స్విట్జర్లాండు భాగములోని మిఠాయి కర్మాగారపు మీట నొక్కగా నిజమైన చాక్లెట్టు ముక్క బయటికి వచ్చెను. మనుమరాలు దానిని మూడు ముక్కలు చేసెను.

అట్లు తిరుగుచు వారొక కొండమార్గము వద్ద నిలిచిరి. సామానుబండి ఒకటి సొరంగములోనికి మెల్లగా పోయెను. దాని వెనుకనే వచ్చిన ప్రయాణికులబండి ఎఱ్ఱ సిగ్నలు చూచి ఆగిపోయెను. కొంతసేపటికి సామానుబండి ఇంజను సొరంగపు ఆవలి ద్వారమునుండి బయటపడెను. అయినను సిగ్నలు మారలేదు.

“ముందు బండి బయటికి వచ్చేసింది కదా! దీన్ని ఇంకా ఎందుకు ఆపారు?” అని మనుమరాలు విసుగుకొనెను.

“ఇంజను వచ్చింది. బండి వచ్చిందా?” అని తాత అడిగెను.

ఆమె తిరిగి చూచెను. పెట్టె వెంట పెట్టె వచ్చుచునే యుండెను. కట్టకడపటి పెట్టె సొరంగమును విడిచి కొంత దూరము పోయిన పిమ్మట, ఆగియున్న బండి ముందు పచ్చదీపము వెలిగెను. ప్రయాణికులబండి కదలెను.

తాత అచ్చటనే ఒక బల్లపై కూర్చుండి, మనుమరాలికి తన ఉద్యోగ కాలములోని ఒక రాత్రిని గూర్చి చెప్పెను.

అది మీటరు గేజి నాటి మాట. కార్తెలు తప్పని వానాకాలము. ఆనాటి రాత్రి నల్లమల మీద ఒకటే వాన. గాలికి స్టేషను దీపములు రెపరెపలాడుచుండెను. ఒక గూడ్సుబండి ఆగకుండ పోవలసియున్నది. దాని వెనుక స్టేషనులో ప్రయాణికులతో నిండిన ఎక్స్‌ప్రెస్సు నిలిచియుండెను. గూడ్సు సెక్షనును పూర్తిగా విడిచినదని ఈ స్టేషను మాస్టరు చెప్పిన గాని, వెనుకటి స్టేషనువారు ఎక్స్‌ప్రెస్సును విడువరాదు. బండి పూర్తిగా వచ్చినదని తెలుపు గుర్తు దాని చిట్టచివరి పెట్టెకు వ్రేలాడు ఎఱ్ఱదీపము. రైల్వేవారు దానిని టెయిల్ ల్యాంపు అందురు. ఆ దీపము కనబడినచో బండి యంతయు వచ్చినట్లు. కనబడనిచో నడిమధ్య కొక్కెము ఊడి, కొన్ని పెట్టెలు వెనుక చీకటిలో పట్టాలమీదనే నిలిచిపోయి యుండవచ్చును.

పాయింట్స్‌మన్ చేతిదీపముతో ప్లాట్‌ఫారము చివర నిలిచియుండెను. ఇంజను పోయెను. పెట్టెలు పోయెను. చప్పుడు దూరమయ్యెను. ఎఱ్ఱదీపము కనబడలేదు. వానధారలో గార్డు చేతిదీపము సైతము కనబడలేదు. తాను రెప్ప వేసినపుడు దీపము దాటిపోయినదేమో! చూచితినని చెప్పినచో ఎవరును అడుగరు. చూడలేదని చెప్పినచో ఎక్స్‌ప్రెస్సు ఆగిపోవును. పైవారు సంజాయిషీ అడుగుదురు. అప్పటికి ఆయన ఉద్యోగములో చేరి ఎంతో కాలము కాలేదు.

“ఏం చేశావు తాతా?” అని మనుమరాలు ఊపిరి బిగబట్టి అడిగెను.

“పరుగెత్తుకొని పోయి, ‘అయ్యా, నాకు వెనుక దీపం కనబడలేదు’ అని మాస్టరుగారితో చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వెంటనే ఫోను తీసుకొన్నారు.”

స్టేషను మాస్టరు ముందు స్టేషనువారితో మాటలాడి, గూడ్సును అక్కడ ఆపి చివరి పెట్టెను పరీక్షింపుమని కోరెను. వెనుకటి స్టేషనువారికి మార్గము ఖాళీ కాలేదని తెలిపెను. ఎక్స్‌ప్రెస్సు నలుబది నిమిషములు వానలో నిలిచిపోయెను. తుదకు ముందు స్టేషనునుండి వార్త వచ్చెను. బండి సంపూర్ణముగనే యున్నది; గార్డు పెట్టెయు క్షేమముగ నున్నది; గాలివానకు దీపము ఆరిపోయినది, అంతే.

“అయితే ప్రమాదమేమీ లేదా?” అని మనుమరాలు కొంత నిరాశతో అడిగెను.

“ఏమీ లేదు.”

“మరి అందరినీ ఊరకే ఆపినట్లేగా! ఎవరూ తిట్టలేదా?”

“తిట్టకేం? ఎక్స్‌ప్రెస్సు వచ్చినప్పుడు కిటికీలలోనుంచి ఎందరో తిట్టారు. డ్రైవరు కూడా గొణిగాడు. ‘వెనుక దీపం లేకపోవడం నీ తప్పు కాదు, లేని దీపాన్ని ఉన్నదని చెబితే అది నీ తప్పు అయ్యేది’ అన్నారు మాస్టరుగారు. ఆ మాట నాకు చాలు.”

మనుమరాలు కొంతసేపు మాటలాడలేదు. ఆ రాత్రి కొండలో పెట్టెలు నిలిచియుండినచో, ఆ నలుబది నిమిషములు వందలమంది ప్రాణములను కాపాడియుండెడివి. నిలిచియుండలేదు కనుక అవి వట్టి ఆలస్యముగా మిగిలినవి. కాని ఆ సంగతి ఆ చీకటిలో నిలిచినవానికి ముందుగా తెలియదు. తెలియనపుడు తెలియదని చెప్పుటయే ఆయన చేసిన పని.

వారు ముందునకు పోగా నియంత్రణ కేంద్రము కనబడెను. పెక్కు తెరల ముందు కొందరు కూర్చుండి బండ్ల రాకపోకలను చూచుకొనుచుండిరి. అచ్చట వేయికి పైగా బండ్లు కలవు. వాని పెట్టెలు పదివేలకు మించును. ఏదైన బండి నడుమ ఆగినచో వెదకి సరిదిద్దుటకు పనివారు సిద్ధముగా నుందురు. కంటికి కనబడని పట్టాలు బల్లల క్రిందను కలవు. వంతు రాని బండ్లు అచ్చట విశ్రమించును. పట్టాలన్నిటిని చిన్న చిన్న భాగములుగా విభజించిరి. ఏ భాగములో బండి యున్నదో కంప్యూటరునకు వార్త అందుచుండును. ఒక భాగము పూర్తిగా ఖాళీ అయిన గాని రెండవ బండికి దానిలో అనుమతి లేదు. నల్లమలలో ఇనుప గోళము చేసిన పనిని ఇచ్చట కంప్యూటరు చేయుచున్నది. నేడు నిజమైన రైలుమార్గములందును ఇట్టి మార్పు వచ్చినది. సెక్షనులోనికి ఎన్ని ఇరుసులు పోయినవో, ఎన్ని బయటికి వచ్చినవో లెక్కించు పరికరములను పట్టాల ప్రక్కన అమర్చుచున్నారు. రెండు లెక్కలు సరిపోయినచో బండి యంతయు వచ్చినట్లు. పరికరము మారినను అడుగు ప్రశ్న మారలేదు: “చివరి పెట్టె వచ్చినదా?”

“నా పని బొమ్మలకు కూడా నేర్పారమ్మా!” అని తాత కుమార్తెతో అనెను. ఆయన కన్నులు చెమ్మగిల్లెను.

అంతలో గడియారము ఒంటిగంట ఇరువది నిమిషములు చూపెను. ఇటలీ దృశ్యములో చీకటి పడుచుండెను. వెసూవియస్ కొండ, వెనిస్ కాలువలు దీపకాంతిలో మెరయజొచ్చెను. మనుమరాలికి కదల బుద్ధి పుట్టలేదు.

“ఇంకొక్క రాత్రి ఉందాం తాతా! ఇక్కడ రాత్రి అంటే కాసేపే కదా!” అని ఆమె బతిమాలెను. “ఓడ నాలుగున్నర దాకా ఉంటుంది.”

తాత ఏమియు అనలేదు. ఆమె చేతిలోని పలకవంక చూచి ఊరకుండెను. తల్లియు మాటలాడలేదు. మనుమరాలు పలకను చూచెను. “1-30 బయటికి” అన్న అక్షరములు ఆమె స్వహస్తముతో వ్రాసినవే. వానిని చెరపుట సులభము. వ్రేలితో ఒక్క తుడుపు చాలును. ఆమె ఒక నిమిషము నిలిచి, వెనిస్ దీపముల వైపు మరొకసారి చూచి, “పదండి, టైమయింది” అని తానే ముందు నడచెను.

తిరుగుదారిలో వంతెన మరమ్మతు కారణమున బస్సు చుట్టుదారిన పోయెను. వారు రేవు చేరునప్పటికి మూడు గంటల ఏబది నిమిషములైనది. ఆమె పలకపై “4-00 ఓడ” అన్న పంక్తి ప్రక్కన ఒక గీత గీచి, దానిని తాతకు అందించెను. తాత రెండు చేతులతో దానిని అందుకొనెను. పూర్వము డ్రైవరు చేతినుండి టోకెనును ఆయన అట్లే అందుకొనెడివాడు.

మరుసటి సంవత్సరము సెలవులకు మనుమరాలు గిద్దలూరు వచ్చెను. ఒక సాయంకాలము తాతతో కలసి స్టేషనుకు పోయెను. కొండలవైపునుండి పొడవైన గూడ్సుబండి ఒకటి వచ్చి ఆగకుండ పోయెను. ప్లాట్‌ఫారముమీద నున్న పిల్లలందరు ఇంజనును చూచి చేతులూపిరి. ఆమె మాత్రము ఇంజనును చూడలేదు. పెట్టెలన్నియు దాటిపోవువరకు మెడ చాచి, బండి వచ్చిన వైపే చూచుచు నిలిచెను. తుదకు మసకచీకటిలో ఎఱ్ఱదీపము ఒకటి మినుకుమినుకుమనుచు ఆమె ముందునుండి పోయెను.

“వచ్చింది తాతా! చివరి పెట్టె వచ్చింది” అని ఆమె చెప్పెను.

ప్రశ్నలు

1. నల్లమల మీదుగా రైలుమార్గము వేయుటకు గల కారణమేమి?

2. టోకెను అనగా నేమి? దానివలన ప్రమాదము ఎట్లు తప్పును?

3. నమూనాలో కొండను కుదించి రైలును కుదింపకుండుటకు కారణము వ్రాయుము.

4. ఎక్స్‌ప్రెస్సు ఊరకే ఆగినదని మనుమరాలు మొదట తలచెను. నీ అభిప్రాయమేమి? కారణములతో వ్రాయుము.

5. మీ పాఠశాల భవనము పొడవును కొలిచి, 87వ వంతుకు తగ్గించి, దాని పటమును పలకపై గీయుము.